ఎండాకాలంలో చుక్క వాన లేకుండా అడవి ఉల్లిగడ్డ ఎట్ల పూస్తుంది? ఈ గడ్డల మొక్కలు భూమిలో నీళ్ళు గుంజుతాయా?

చెల్కరైతు_పర్వతగిరి:

అందరికీ నమస్తే. మాది పర్వతగిరి దగ్గర. గుట్ట కింద మాకు ఎర్ర చెల్క ఉంది, దానికి ఆనుకొని చాలా ఏండ్లుగా దున్నకుండా వదిలేసిన పడావు జాగ ఉంది, అది దాటితే ఊరి పశువుల మేతకు వదిలిన బంచరాయి. వానాకాలంలో ఈ పడావులో మోకాలెత్తు గడ్డి, నడుమ నడుమ గునుగు, తంగేడు, కంచె పొంటి పిల్లితీగ, నాభి పెరుగుతాయి. శివరాత్రి వచ్చేసరికి గడ్డి ఎండిపోతుంది, గొర్రెలు మేకలు మేసినంక నేల బోడిగా మిగులుతుంది.

నాకు అంతుపట్టనిది ఆ తర్వాత జరుగుతుంది. ఏప్రిల్ నెలలో ఎండ నలభై దాటి, మట్టి ముట్టుకుంటే చెయ్యి కాలే రోజుల్లో ఆ బోడి నేలలోంచి అడవి ఉల్లిగడ్డ పూల కాడలు లేస్తాయి. ఒక్క ఆకు ఉండదు. వాన పడి ఉండదు. తవ్వి చూస్తే జానెడు లోతున పిడికిలంత గడ్డ, పొర విప్పితే లోపల జిగురు జిగురుగా తడి, చుట్టూ మట్టి మాత్రం పొడిపొడిగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా బోరు మార్చి నుంచే ఆగి ఆగి పోస్తుంది. మా పెద్దబాపు ఏమంటాడంటే, ఈ గడ్డల మొక్కలన్నీ భూమిలో నీళ్ళు గుంజి దాచుకుంటున్నాయి, జేసీబీ పెట్టి పెకిలిస్తే ఆ నీళ్ళు బోరుకు మిగులుతాయి అని. ఆయన నాకంటే ఎక్కువ వ్యవసాయం చూసిన మనిషి, ఊరికే కాదంటే వినడు. నాకేమో ఆ జాగ అట్లనే ఉంచాలని ఉంది, మా మేకలకు మేత అదే. ఈ గడ్డల్లో నిజంగా ఎన్ని నీళ్ళు ఉంటాయి, ఎండాకాలంలో అవి నేల నీటిని తాగుతాయా, వాన లేకుండా పూసే బలం ఎక్కడిది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేలా ఉండాలి.


నర్సంపేట_పత్తి:

అన్నా, మీ పెద్దబాపు మాట పూర్తిగా తీసేయకు. తుంగను చూడు. పత్తి చేనులో తుంగ పడితే మొదటి రెండు నెలలు పత్తి ఎదగనే ఎదగదు. వాన కొంచెం ఎడం ఇచ్చిందంటే పత్తి ఆకు వేలాడుతుంది, తుంగ నిటారుగా ఉంటుంది. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది, వారం పది రోజుల్లో మళ్ళీ అదే తుంగ. రోటావేటర్ కొట్టిస్తే తగ్గుతుందేమో అనుకుంటే ఇంకా ఒత్తుగా వచ్చింది. గడ్డ ఉన్న మొక్క తడిని అందరికంటే ముందు అందుకుంటుంది, ఇది చేనులో కళ్ళతో చూసి చెప్తున్న మాట. బోరు సంగతి నేను చెప్పలేను కానీ చేనులో మాత్రం దాన్ని ఉండనివ్వొద్దు.


హన్మకొండ_బాటనీ:

చాలా మంచి ప్రశ్న, నేను పిల్లలకు చెప్పేటప్పుడు కూడా ఈ అడవి ఉల్లినే ఉదాహరణగా తీసుకుంటాను. అయితే ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయాయి. దున్ని పంట వేసే చేనులో తుంగ వేరు, దున్నని పడావులో అడవి ఉల్లి వేరు. తుంగ దగ్గరికి తర్వాత వస్తాను.

మొక్క వేళ్ళతో తీసుకున్న నీళ్ళలో నూటికి తొంభై ఐదు పాళ్ళకు పైగా ఆకుల మీది సన్న రంధ్రాల గుండా ఆవిరై గాలిలో కలిసిపోతాయి. ఒంట్లో మిగిలేది చాలా కొంచెం. అందుకని ఏ మొక్క ఎన్ని నీళ్ళు వాడుతుందో తెలియాలంటే గడ్డ ఎంత పెద్దగా ఉందో చూస్తే సరిపోదు, ఎంత ఆకు ఉంది, ఎన్ని నెలలు పచ్చగా ఉంది అన్నది చూడాలి. అడవి ఉల్లికి ఆకులు వానలతో వస్తాయి, చలికాలం నాటికి పండి రాలిపోతాయి. ఎండాకాలంలో దానికి ఆకు లేదు. నేలలోని నీటిని పైకి లాగే బలం ముఖ్యంగా ఆకుల నుంచి నీళ్ళు ఆవిరవడం వల్లనే వస్తుంది కాబట్టి, ఆకు లేని మొక్క మీ బోరు నీటిని గుంజే ప్రసక్తే లేదు.

ఇప్పుడు మీ పెద్దబాపు గారికి చెప్పదగిన లెక్క ఒకటి. వరి, ఉల్లి, పత్తి లాంటి మొక్కలు ఒక గ్రాము పొడి పదార్థం తయారు చేసుకోవడానికి ఉరామరిగా 500 గ్రాముల నీళ్ళు ఆకుల నుంచి వదులుతాయి. ఎందుకంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే రంధ్రం తెరవాలి, తెరిస్తే నీళ్ళు పోక తప్పదు. అరకిలో గడ్డ ఒకటి ఉందనుకోండి, అందులో 400 గ్రాములు నీళ్ళు, 100 గ్రాములు ఎండు పదార్థం అనుకుందాం. ఆ 100 గ్రాములు తయారు కావడానికి 50 లీటర్ల దాకా నీళ్ళు వానాకాలంలోనే ఆవిరైపోయి ఉంటాయి. గడ్డలో నీటి రూపంలో ఉన్నదేమో అర లీటరు కూడా లేదు. పెద్దబాపు గారు దాన్ని నీళ్ళ ట్యాంకు అనుకుంటున్నారు, నిజానికి అది పంట పోసుకున్న గాదె. తడి పుష్కలంగా ఉన్న నాలుగు నెలల్లో రంధ్రాలు బాగా తెరిచి నీళ్ళు ధారాళంగా ఖర్చు పెట్టి, దానికి బదులుగా వచ్చిన తిండిని నేలకింద దాచుకుంటుంది. తిండి ఉంది కాబట్టి ఎండాకాలంలో ఆకు అవసరం లేదు, ఆకు లేదు కాబట్టి నీళ్ళ ఖర్చు లేదు. గడ్డకూ నీటికీ ఉన్న సంబంధం ముఖ్యంగా ఇదే.

బోరు సంగతి. మన వరంగల్ చుట్టుపక్కల చాలా చోట్ల కింద గ్రానైట్ బండ. బోర్లలోకి నీళ్ళు వచ్చేది ఆ బండ పగుళ్ళలోంచి, పదుల మీటర్ల లోతు నుంచి. అడవి ఉల్లి వేళ్ళు ఉండేది పై అడుగు, రెండడుగుల్లో. అవి ఒకదాన్నొకటి చూసుకునే అవకాశమే లేదు. వానాకాలంలో పై మట్టిలో తడిని వాడుకుంటాయి, అది నిజం. కానీ పెకిలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఎర్ర చెల్క వాన దెబ్బకు పైన పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు మీద తర్వాతి వాన నీళ్ళు ఇంకకుండా వాగులోకి ఉరుకుతాయి. గడ్డి దుబ్బులు, వాటి వేళ్ళు చేసిన సందులే ఆ నీటిని లోపలికి దింపేవి. గుట్ట కింది జాగ కాబట్టి మీ దగ్గర ఇది మరీ ముఖ్యం. ఎండాకాలంలో కూడా పచ్చని ఆకుతో నిలబడి లోతు వేళ్ళతో నీళ్ళు తాగే చెట్లు ఉంటాయి, జామాయిల్ తోటలు అట్లాంటివి. బోరు పక్కన అవి ఉన్నాయా అని చూసుకోండి, అనుమానపడాల్సినవి ఏవైనా ఉంటే అవి.


చెల్కరైతు_పర్వతగిరి:

సార్, 50 లీటర్ల లెక్క మంచిగ అర్థమైంది, ఇంట్లో చెప్పిన కూడా. అయితే పెద్దబాపు వెంటనే ఇంకో ప్రశ్న వేసిండు. ఆకు లేకపోతే నీళ్ళ ఖర్చు లేదు సరే, మరి ఆ కాడ నిలువెల్లా నీళ్ళే కదా, అంత ఎత్తు లేవడానికి తడి ఎక్కడి నుంచి వచ్చింది అని. మట్టిలో అయితే చుక్క లేదు.


హన్మకొండ_బాటనీ:

ఆయన సరైన చోటే పట్టుకున్నారు. ఆ కాడకు నీళ్ళు గడ్డలోని ఆ 400 గ్రాముల నుంచే వస్తాయి. ఆకులున్న మొక్క ఎండలో ఒక్కరోజులోనే తన బరువంత నీళ్ళు వదిలేయగలదు, కాబట్టి గడ్డలోని నీళ్ళతో ఆకులను పోషించడం కుదరదు. కానీ ఒక్క పూల కాడను లేపడానికి ఆ నీళ్ళు సరిపోతాయి. కాడ మీద రంధ్రాలు తక్కువ, పూలు చిన్నవి, అవి సాయంత్రం విచ్చుకొని తెల్లారేసరికి ముడుచుకుంటాయి. మిట్టమధ్యాహ్నం తెరిచి ఉంచేది దాదాపు ఏమీ లేదన్నమాట.

నీళ్ళు గడ్డ పొరల్లోంచి కాడలోకి ఎట్లా కదులుతాయన్నది ఇంకా బాగుంటుంది. ఆలుగడ్డ, పసుపు లాంటి వాటిలో తిండి పిండి రూపంలో ఉంటుంది, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డల్లో ఫ్రక్టాన్లు అనే పొడుగు చక్కెర గొలుసులుగా ఉంటుంది. పిండి నీళ్ళలో కరగదు, అందుకని అది నీటిని తనవైపు లాగదు, ఎంత పోసినా నిశ్చలంగా పడి ఉంటుంది. మొలక సమయం వచ్చినప్పుడు ఆ పిండి, ఆ గొలుసులు తెగి చిన్న చిన్న చక్కెరలు అవుతాయి. చక్కెర ఎక్కడ చిక్కగా ఉంటే నీళ్ళు అక్కడికి పోతాయి. మొగ్గ దగ్గర చక్కెర పెరిగితే పక్క పొరల్లోని నీళ్ళు మొగ్గలోకి చేరి అది ఉబ్బుతుంది, కాడ పైకి తోసుకొస్తుంది. మీరు చూసిన జిగురు కూడా ఊరికే లేదు, నీటిని పట్టి ఉంచుతుంది, తొందరగా ఎండనివ్వదు. పూత అయిపోయాక అదే గడ్డను తవ్వి చూడండి, పై పొరలు మెత్తబడి ముడతలు పడి ఉంటాయి.

వానకు ముందే ఎందుకు పూయాలి అని కూడా అడుగుతారు. గింజ తయారయ్యేసరికి తొలకరి పడాలి కాబట్టి. ఆకులు వచ్చాక పూస్తే గింజ నేలలో పడేనాటికి వానలు సగం అయిపోతాయి, మొలిచిన పిల్ల మొక్కకు గడ్డ కట్టే వ్యవధి చాలదు.

లోతు గురించి ఒక్క మాట. మే నెలలో బోడి నేల పైపొర అరవై డిగ్రీలకు దగ్గరగా కాగుతుంది, కానీ ఒక అడుగు కిందికి పోతే పగలూ రాత్రీ వేడి పెద్దగా మారదు. ఉల్లి తరహా మొక్కల్లో చాలా వాటికి ప్రత్యేకమైన వేళ్ళు ఉంటాయి, అవి మట్టిని పట్టుకొని తర్వాత పొట్టిగా ముడుచుకుపోతాయి, ఆ లాగుడుకు గడ్డ ఏటేటా కొంచెం కిందికి దిగుతుంది. మీకు గడ్డ జానెడు లోతులో దొరకడానికి కారణం అదే. విత్తనం పడ్డది మాత్రం నేల మీదనే. ఎక్కువ వేడిలో గడ్డ ఎక్కువ శ్వాసిస్తుంది, దాచుకున్న తిండి ఊరికే కరిగిపోతుంది, కాబట్టి చల్లగా ఉండే లోతుకు దిగడం తిండికీ తడికీ రెండింటికీ మంచిది.


జగిత్యాల_పసుపు:

పసుపు రైతుగా నేనొక మాట కలుపుతా. మేము విత్తనం కోసం మండలు, కొమ్ములు ఏరి చెట్టు నీడకు కుప్ప పోసి పైన పసుపు ఆకు కప్పి ఉంచుతాం. ఫిబ్రవరిలోనో మార్చిలోనో తవ్వినవి, మృగశిర దాకా వాటికి చుక్క నీళ్ళు పోసేది లేదు. అయినా మే నెల దాటేసరికి కుప్పలోనే మొలకలు కనిపిస్తాయి. కొమ్ము తూకం తగ్గి కొంచెం ముడతలు పడుతుంది, మొలక మాత్రం నిగనిగలాడుతుంది. సార్ చెప్పింది అక్కడ కళ్ళముందే కనిపిస్తుంది.

కానీ దీన్ని పట్టుకొని గడ్డ పంటలకు నీళ్ళు తక్కువ చాలు అనుకోవద్దు, నేను చెప్పదలుచుకున్నది అదే. పసుపు అరటాకు తరహాలో వెడల్పు ఆకుతో ఎనిమిది తొమ్మిది నెలలు చేనులో ఉంటుంది, ఆ కాలమంతా తడి తగ్గనియ్యొద్దు, తగ్గితే దుంప ఊరదు. వానలు అయిపోయినంక కూడా తడులు పెట్టాల్సిందే. దాని గడ్డ మొక్కను చేను బయట, ఆకు లేని నెలల్లో కాపాడుతుంది. ఆకు ఉన్నప్పుడు మాత్రం అది బాగా నీళ్ళు తాగే పంటనే.


ములుగు_తునికి:

మా దిక్కు అడవిలో తునికి చెట్లు చూడండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదలను మొదట్లోకి కొట్టేస్తారు, ఏప్రిల్ చివరికి, మే నెలలో లేత ఆకు వస్తుంది, బీడీలకు కోసేది దాన్నే. ఆ రోజుల్లో వాన ఏది? నేను చిన్నప్పటి నుంచి ఆకు కోతకు పోతున్న, ఎంత ఎండ ఎక్కువుంటే ఆకు అంత తొందరగా వచ్చినట్టు అనిపిస్తుంది. నిప్పు పడి కాలిపోయిన చోట కూడా మొదలు నుంచి పిలకలు లేస్తాయి. తునికికి ఉల్లి లాంటి గడ్డ లేదు కదా సార్, మరి దీని లెక్క ఏంది?


హన్మకొండ_బాటనీ:

తునికి గొప్ప ఉదాహరణ, గుర్తుచేసినందుకు సంతోషం. దానికి నేలకింద లావుపాటి మొదలు, పక్కలకు పాకే వేళ్ళు ఉంటాయి, తిండి వాటిలో దాస్తుంది, మొగ్గలు కూడా అక్కడే నిద్రపోతూ ఉంటాయి. పైన కొట్టినా కాలినా ఆ మొగ్గలు లేస్తాయి. అయితే అది అడవి ఉల్లిలా ఆకు లేకుండా ఉండిపోదు, ఎండలోనే ఆకు వేస్తుంది, కాబట్టి నీళ్ళు కావాలి, ఆ నీళ్ళను లోతుకు దిగిన వేరు తెస్తుంది. తిండి దాచుకున్న మొదలు, నీళ్ళు తెచ్చే వేరు, రెండూ ఉంటేనే మే నెలలో లేత ఆకు సాధ్యం.

ఇట్లాంటి మొక్కలు ఆఫ్రికాలో అంగోలా, జాంబియా గడ్డి నేలల్లో విపరీతంగా ఉన్నాయి. పైకి చూస్తే మోకాలెత్తు రెమ్మలు, తవ్వితే నేలకింద చెట్టంత కట్టె. ఫ్రాంక్ వైట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1976లో వాటిని నేలకింది అడవులు అని పిలిచాడు. బ్రెజిల్ సెరాడో గడ్డి నేలల్లో కూడా అదే తీరు. గమనించాల్సింది ఏమంటే, ఈ చోట్లలో చాలా వాటికి మన వరంగల్ కంటే ఎక్కువ వాన పడుతుంది. అంటే నేలకింద దాచుకోవడానికి నీటి కొరత ఒక్కటే కారణం కాదు. ఏటా వచ్చే నిప్పు పైనున్నదాన్ని కాల్చేస్తుంటే కిందికి పోవడమే బతికే దారి అయింది.


గడ్డినేలల_విద్యార్థిని:

సార్ చెప్పినదానితో దాదాపు ఏకీభవిస్తాను, కానీ అన్ని గడ్డలనూ తిండి గాదెలు అనేస్తే కొన్ని తప్పిపోతాయి. అడిగినాయన కంచెలోనే పిల్లితీగ ఉంది, అదే శతావరి. దాన్ని తవ్వితే ఒక్క గడ్డ కాకుండా వేళ్ళ గుత్తి వస్తుంది, ఒక్కొక్కటి వేలంత లావు, విరిస్తే నీళ్ళు కారతాయి. అక్కడ నీటి నిల్వ నిజంగానే ముఖ్యం. పైన చూస్తే ఆకులున్నట్టు కనిపించేవి ఆకులు కావు, సన్నని సూదుల్లా మారిన కొమ్మలు, వాటి నుంచి ఆవిరయ్యేది తక్కువ. ఖర్చు తక్కువ, నిల్వ ఎక్కువ అయితే ఆ నిల్వ నాలుగు రోజులు వస్తుంది. ఆఫ్రికాలోని కలహారి ఎడారి అంచుల్లో సాన్ అనే ఆదివాసీ ప్రజలు ఎండాకాలంలో నీళ్ళు దొరకనప్పుడు నేలలోంచి గడ్డలు తవ్వి తురిమి పిండుకొని తాగేవాళ్ళు, అట్లాంటి గడ్డలు కూడా ప్రపంచంలో ఉన్నాయి. కాబట్టి పిండి నిండిన గడ్డ, నీళ్ళు నిండిన గడ్డ అని ఒక గీత మీద రెండు చివరలు అనుకోవాలి, చాలా మొక్కలు మధ్యలో ఎక్కడో ఉంటాయి, అడవి ఉల్లి కూడా దాని జిగురుతో కొంచెం మధ్యకే వస్తుంది.

ఇంకో సంగతి, లోతు వేరు ఉన్నంత మాత్రాన లోతు నీళ్ళే తాగుతుందని అనుకోకూడదు. అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీలో జాన్ వీవర్ అనే ఆయన వందేళ్ళ కిందట గడ్డి నేలల్లో మనిషి దిగేంత కందకాలు తవ్వించి వేళ్ళన్నీ బొమ్మలు గీశాడు, అక్కడి పెద్ద గడ్డి జాతుల వేళ్ళు ఆరడుగుల దాకా దిగుతాయని అట్లా తెలిసింది. 1930ల కరువులో ఏవి చచ్చాయి, ఏవి నిలిచాయి అన్నది కూడా ఆయన పక్కనే ఉండి చూశాడు. తర్వాత అక్కడే కాన్సాస్ రాష్ట్రంలోని కొంజా ప్రేయరీ అనే గడ్డి నేలలో ఇంకో పద్ధతిలో చూశారు. నేల పైపొరలో నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు తేలిక ఆక్సిజన్ ఉన్న నీళ్ళు ముందు పోతాయి, బరువుది మిగులుతుంది, అందువల్ల పై నీటికీ లోతు నీటికీ ఒక ముద్ర తేడా ఉంటుంది. మొక్కలోని నీళ్ళు తీసి ఆ ముద్ర చూస్తే ఏ లోతు నుంచి తాగిందో తెలుస్తుంది. అట్లా చూస్తే గడ్డి జాతులు అంత లోతు వేళ్ళు పెట్టుకొని కూడా ముఖ్యంగా పై అడుగు నీళ్ళే తాగుతున్నాయని, పై పొర ఎండినప్పుడు లోతుకు మారేది పొదలు, వెడల్పాకు మొక్కలేనని తేలింది. అదే చోట ఏటా లేచే గడ్డి పిలకలు దాదాపు అన్నీ నేలకింది మొగ్గల నుంచి వచ్చేవే, గింజ నుంచి వచ్చేవి చాలా అరుదు. నిండా గింజలు రాల్చే గడ్డి కూడా నమ్ముకునేది మొదట్లోని మొగ్గనే అన్నమాట, నాకు ఇది చదివినప్పుడు చాలా ఆశ్చర్యమేసింది.

మన బతుకమ్మలో పేర్చే పూలనే చూసుకుంటే ఈ తేడాలు కనిపిస్తాయి. గునుగు ఒక్క వానాకాలం బతికి గింజ వేసి చచ్చిపోతుంది, ఎండాకాలాన్ని గింజగా దాటుతుంది, నీళ్ళ అవసరమే ఉండదు. తంగేడు లోతు వేరు పెట్టుకొని ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, తక్కువ తక్కువగా నీళ్ళు వాడుతుంది. కంచెలోని నాభి మాత్రం పూత ముగిశాక ఆకు పండిపోయి, నాగలి ఆకారపు గడ్డగా నేలలోకి వెళ్ళిపోతుంది. ఒకే పడావులో, ఒకే వానతో మూడు రకాల బతుకులు. ఒకదాని నీళ్ళు ఇంకొకటి పెద్దగా లాక్కోదు, ఎందుకంటే వేళలు వేరు, లోతులు వేరు. అందుకే ఆ జాగను ఉంచమనే నేను కూడా అంటాను.


నర్సంపేట_పత్తి:

అక్కా, సార్, ఇదంతా పడావుకు బాగుంది. నా తుంగకు ఎవరూ జవాబు చెప్పలేదు. అది ఆకు లేకుండా పడుకునే రకం కాదు, పత్తితో పాటే నిలబడి తాగుతుంది.


హన్మకొండ_బాటనీ:

మాటిచ్చాను కదా, చెప్తాను. తుంగ మీ చేనులో నీళ్ళ కోసం పోటీ పడుతుందన్నది వంద శాతం నిజం. తొలకరి పడగానే పత్తి గింజ ఇంకా వేరు పెడుతుంటే, తుంగ గడ్డలో సిద్ధంగా ఉన్న తిండితో రోజుల్లోనే ఆకు, వేరు రెండూ వేసేస్తుంది. పై అడుగు తడిని ముందు అది పట్టుకుంటుంది. పైగా తుంగ కూడా జొన్న, మక్క తరహా మొక్కనే, అదే నీటితో పత్తి కంటే ఎక్కువ పదార్థం తయారు చేసుకోగలదు. అందుకే ఎడం వచ్చినప్పుడు అది నిలబడుతుంది. ప్రపంచంలోనే అన్నిటికంటే మొండి కలుపు అని దానికి పేరు.

రోటావేటర్ సంగతికి కారణం ఉంది. తుంగ గడ్డలు నేలకింద దారానికి గుచ్చినట్టు ఒకదానికొకటి తీగతో కలిసి ఉంటాయి. కొసన ఉన్న గడ్డ మొలిస్తే వెనక ఉన్నవాటిని మొలవనివ్వకుండా ఆపుతుంది. రోటావేటర్ ఆ తీగను ముక్కలు చేస్తే ఆపేవాడు లేక ప్రతి ముక్కా సొంతంగా లేస్తుంది. మీరు చూసింది అదే.

దాని బలహీనత కూడా నీటి దగ్గరే ఉంది. అడవి ఉల్లికి ఉన్నట్టు జిగురు, మందమైన పొరలు తుంగ గడ్డకు లేవు, ఎండలో నేల మీద పడి ఉంటే ఆరి చచ్చిపోతుంది. చాలా గడ్డలు పై జానెడులోనే ఉంటాయి. కాబట్టి యాసంగి పంట తీశాక ఏప్రిల్, మే నెలల్లో, నేల పొడిగా ఉన్నప్పుడు నాగలితో లోతు దుక్కి దున్ని పెల్లలు తిరగేసి వదిలేయండి. కొన్ని రోజులాగి ఇంకోసారి తిరగేయండి. దుక్కి తర్వాత వాన పడితే లాభం ఉండదు, గడ్డలు మళ్ళీ తడి పట్టుకుంటాయి, కాబట్టి అకాల వానల సూచన చూసుకొని దున్నండి. తడి నేలలో రోటావేటర్ మాత్రం వద్దు. నీళ్ళు నిలబెట్టే వీలున్న మడి అయితే ఒక కారు వరి వేస్తే కూడా బాగా తగ్గుతుంది, ఎర్ర చెల్కలో అది కుదరదనుకోండి.


చెల్కరైతు_పర్వతగిరి:

పెద్దబాపు జేసీబీ మాట ఆపిండు, పక్కన జామాయిల్ ఎవరిదో ఉంది, దాని గురించి అడుగుతుండు. ఇక మేకల సంగతి చెప్పండి. తొలి వాన పడి పచ్చగా కాగానే తోలుతాం, ఎండాకాలమంతా ఎండు మేత తిని ఉంటాయి కదా, ఆగవు. దానితో ఈ గడ్డలకు, గడ్డి దుబ్బులకు నష్టం ఉందా? ఆ నాభి తింటే ప్రమాదమా?


గడ్డినేలల_విద్యార్థిని:

నష్టం ఉంది అన్నా, సరిగ్గా ఆ సమయంలోనే ఎక్కువ. తొలకరికి లేచిన ఆకు గడ్డలోని, దుబ్బు మొదట్లోని నిల్వ ఖర్చు పెట్టి వేసింది. ఆ ఆకు తిరిగి సంపాదించడం మొదలుపెట్టేలోపే మేసేస్తే మొక్క ఇంకోసారి నిల్వలోంచి తీసి ఆకు వేయాలి. ఏటా అట్లా జరిగితే మొదలు సన్నబడుతుంది, వేరు కురచవుతుంది, వేరు కురచైతే వాన ఎడంలో ముందు ఎండేది అదే. మేత గడ్డి పోయి మేకలు ముట్టనివి మిగులుతాయి, గట్ల మీద చాలా చోట్ల మనం చూసేది అదే కదా.

వీలైతే తొలి వాన నుంచి మూడు నాలుగు వారాలు ఆ జాగలో సగం వరకైనా కంప కొట్టి ఆపండి, వచ్చే ఏడు ఇంకో సగం. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో కూడా మరీ మొదట్లోకి మేపొద్దు, ఆకుల్లోని సారం కిందికి దిగి నిల్వ నిండే కాలం అది. గడ్డి పూర్తిగా ఎండిపోయిన తర్వాత ఎంత మేపినా నేలకింది నిల్వకు పెద్ద తేడా ఉండదు, అయితే నేలను కప్పి ఉంచేంత ఎండు గడ్డి మిగిల్చితే మంచిది, లేకపోతే తొలి వానకే పెచ్చు కడుతుంది.

నాభి మాత్రం నిజంగా ప్రమాదం. దానిలో కోల్చిసిన్ అనే విషం ఉంది, గడ్డలో, గింజల్లో మరీ ఎక్కువ, మనుషులకూ పశువులకూ ప్రాణం మీదికి వస్తుంది. అడవి ఉల్లిలో గుండె మీద పనిచేసే విషాలు ఉంటాయి. ఎండాకాలంలో నేలలో దొరికే తిండి, తడి అవే కాబట్టి విషం లేకపోతే వాటిని పందులు, ఎలుకలు ఎప్పుడో తవ్వి తినేసేవి. మేకలు మామూలుగా రెండింటినీ వదిలేస్తాయి, ఆకలి మీద ఉన్న పిల్లలే నోరు పెడతాయి, అందుకని తొలి వానప్పుడు పిల్లలను కంచె పొంటి పోనివ్వకండి. జేసీబీతో పెకిలించి ఉంటే ఆ గడ్డలన్నీ నేల మీద పడి ఉండేవి, ఆ మాట కూడా పెద్దబాపుకు చెప్పండి. ఎప్పుడైనా తవ్వాల్సి వస్తే చేతులకు గుడ్డ చుట్టుకోండి, అడవి ఉల్లి రసం తగిలితే చాలాసేపు దురద పెడుతుంది, ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవద్దు.